అరువు గొంతు

ఆ బస్ స్టేషన్‌లో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. డ్రైవర్లకూ కండక్టర్లకూ ఊడ్చేవాళ్లకూ పళ్ల బండి అతనికీ ఆమె అనౌన్సరమ్మ. ఇరవై రెండో ఏట మైకు గదిలో కూర్చుంది. గది అంటే పెద్ద గదేమీ కాదు, మెట్ల మలుపులో ఓ అద్దాల డబ్బా. లోపల ఓ బల్ల, ఓ కుర్చీ, కొంగలా మెడ వంచుకున్న మైకు. కింద ప్లాట్‌ఫారాలన్నీ కనిపించేలా ఒక కిటికీ. ఏ బస్సు వచ్చిందో, ఎక్కడికి పోతుందో, ఎక్కడ నిలబడిందో చూసి చెప్పడం ఆమె పని. బస్సు రాకపోతే అదీ చెప్పాలి. "ప్రయాణికులకు కలిగిన ఆలస్యానికి చింతిస్తున్నాము" అన్న మాట రోజుకు పాతికసార్లకు తక్కువ కాకుండా అనేది. నువ్వు ఇన్నేళ్లు చింతించినా ఒక్క బస్సయినా పెందరాళే రాలేదు కదే అక్కా అని చెల్లెలు ఎగతాళి చేసేది.

చెల్లెలు దర్జీ. అక్క భర్త పెళ్లయిన మూడేళ్లకే పోయాడు. చెల్లెలు అసలు పెళ్లే వద్దంది. ఇద్దరూ రెండు గదుల వాటాలో కలిసి ఉండేవారు. ముందు గదిని కుట్టుమిషనూ కత్తిరింపుల బల్లా ఆక్రమించుకుంటే, వెనక గదిలో రెండు మంచాలూ పొయ్యీ సర్దుకున్నాయి. చెల్లెలికి నోరెక్కువ. అక్కకు ఉద్యోగంలో మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చేసరికి నోరు విప్పబుద్ధయ్యేది కాదు. రోజుకు సరిపడా మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయాయనేది.

ఆమెకు నలభై ఐదేళ్లప్పుడు బస్సుల సంస్థవాళ్లు మైకు పద్ధతి తీసేసి, గొంతు రికార్డు చేసి కంప్యూటరుకు అప్పజెప్పాలనుకున్నారు. గోడలకు స్పాంజి అతికించిన ఓ చిన్న గదిలో తొమ్మిది రోజులు కూర్చోబెట్టారు. ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు అంకెలు, ఊళ్ల పేర్లు, "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది", "దయచేసి గమనించండి", అన్నీ వేటికవి ముక్కలు ముక్కలుగా చెప్పించారు. ఆ ముక్కల్ని ఎలా కావాలంటే అలా అతుక్కోవచ్చట. ఆలస్యం మాట తొమ్మిదో రోజు సాయంత్రం వచ్చింది. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకున్న రికార్డింగ్ అతనికి ఎన్నిసార్లు చెప్పినా నచ్చలేదు. నిజంగా బాధపడుతున్నట్టు చెప్పండి మేడమ్ అన్నాడు. ఆమె బాధపడుతూ చెప్పింది. మరీ ఏడుస్తున్నట్టుందన్నాడు. పద్దెనిమిదోసారి ఆమె బాధా పడలేదు, నటించనూ లేదు. నడుం లాగేస్తోంది, గొంతు ఎండిపోయింది, ఇంటికి పోతే చాలుననుకుంటూ ఒక్క ఊపిరిలో అనేసింది. ఆఖర్న "స్తున్నాము" దగ్గర మాట మెల్లగా కిందికి జారింది. ఇదే కావలసింది అన్నాడతను.

ఆ తరువాత అద్దాల డబ్బాలో చీపుళ్లూ బకెట్లూ పెట్టారు. ఆమెను కింద విచారణ కౌంటరులో వేశారు. కౌంటరు నెత్తిమీదే స్పీకరు. ఆమె గొంతు పైనుంచి బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీద ఉందని చెబుతుండగానే, కిటికీ ముందు నిలబడ్డ మనిషి బస్సు ఎక్కడమ్మా అని అడిగేవాడు. ఆమె అదే గొంతుతో, నాలుగో ప్లాట్‌ఫారం అని మళ్లీ చెప్పేది. పన్నెండేళ్లు అలా గడిచాయి.

రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుందనగా ఒక మధ్యాహ్నం, వరసలో నిలబడ్డ కాలేజీ పిల్లలు ఆమె వంక చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఒకమ్మాయి ధైర్యం చేసి, ఆంటీ ఒక్కసారి "చింతిస్తున్నాము" అనరా అని అడిగింది. బస్సు టైముకే ఉందమ్మా, చింతించాల్సిన పనిలేదంది ఆమె. వాళ్లు పడీపడీ నవ్వారు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

సాయంత్రం ఇంట్లో జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ ఫోనులో పాట వినిపించింది. మొదట చిటికె వేసిన చప్పుడు. తరువాత నిలబడ్డ బస్సు ఇంజను గురగుర, తలుపు మూసిన దబ్బు, కండక్టరు ఈల. అవే తాళంగా మారాయి. వాటి మధ్యలోంచి ఆమె గొంతు: "చింతి... చింతి... చింతిస్తున్నాము." గొంతును సాగదీశారు, నరికారు, వెనక్కి తిప్పారు, మళ్లీ అతికారు. చివర కిందికి జారే ఆ "స్తున్నాము" దగ్గర మాత్రం సంగీతమంతా ఆగిపోయి, ఆమె గొంతొక్కటే ఒంటరిగా మిగిలేది. అక్కడికి వచ్చేసరికి పాట వింటున్న ఆవిడ కళ్లు మూసుకుంది. ఈ ముక్క వింటే ఏదోలా అయిపోతుందండీ, మీరు ఏం తలుచుకుని చెప్పారో గాని, అంది.

"మంచినీళ్లు తలుచుకున్నాను" అంది అనౌన్సరమ్మ.

పాట నెల తిరిగేసరికి ఊరంతా పాకింది. ఆటోల్లో, సెల్ దుకాణాల ముందు, ఆడుకునే పిల్లల నోట్లో అదే. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆ పాట పెట్టుకుని లోపలికి వస్తున్నారట. పళ్ల బండి అతను ఆమెను చూడగానే చిటికె వేసేవాడు. ఎన్నడూ పలకరించని చుట్టాలు ఫోను చేసి, ఆమె హలో అనగానే పక్కవాళ్లకు వినిపించి నవ్వేవారు. మొదట్లో ఆమెకూ నవ్వొచ్చింది. వారం పోయాక విసుగొచ్చింది. ఆ తరువాత విసుక్కునే ఓపిక కూడా పోయింది. ఫోను మోగితే చెల్లెలి చేతికిచ్చేది. నెత్తిమీద స్పీకరు, చెవిలో జోరీగలా పాట, ఎదురుగా వరసలో జనం. రోజంతా తన గొంతు కిందే తాను నలిగి ఇంటికి చేరేది.

ఇంతలో మేనేజరు పిలిపించాడు. పాట చేసినవాళ్లకు సంస్థ నోటీసు పంపుతోందనీ, ఆ గొంతు ఉద్యోగంలో ఉండగా రికార్డు చేసింది కాబట్టి సర్వహక్కులూ సంస్థవేనని ఆమె ఓ కాగితం మీద సంతకం పెట్టాలనీ చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. కాగితం చదివి ఇస్తానంది ఆమె. ముప్ఫై అయిదేళ్లలో ఇచ్చిన కాగితం మీద ఆమె అప్పటికప్పుడు సంతకం పెట్టకపోవడం అదే మొదలు. ఎందుకలా అన్నదో దారిపొడుగునా ఆలోచించుకుంది. గొంతు నాది అని గట్టిగా అందామంటే నోరు రాలేదు. వాళ్లది అనడానికీ మనసొప్పలేదు.

వాళ్ల మేనత్త కొడుకు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. సంగతి తెలిసి ఆ ఆదివారం పొద్దున్నే పాత పేపరు కత్తిరింపుల సంచీతో దిగాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనన్నాడు. మనిషి గొంతు మనిషి ఒంట్లో భాగమనీ, ఎవరో నటుడు తన గొంతును వాడుకున్నవాళ్ల మీద గెలిచాడనీ, కాలం మారిందనీ, ఇదివరకు కాపీ కొడితే దొంగతనం అనేవాళ్లు ఇప్పుడు కళ అంటున్నారనీ, ఇదివరకు అందరిదీ అనుకున్నదాన్ని ఇప్పుడు నాదంటున్నారనీ, ఈ గందరగోళంలో నోరున్నవాడిదే రాజ్యమనీ రెండు గంటలు చెప్పాడు. సంస్థ మీదా, ఆ పాటవాళ్ల మీదా, ఇద్దరి మీదా వెయ్యాలన్నాడు.

"నాకు ఓపిక లేదు బావా" అందామె.

"నీకెందుకు ఓపిక? నాకుంది" అన్నాడాయన. అది నిజమే. రిటైరైనప్పటి నుంచి ఆయనకు ఓపిక తప్ప మరేమీ లేదు.

ఆ వారంలోనే పాట చేసిన మనిషి తనంతట తానే ఇంటికొచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. పగలు ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. వేళ్ల చివర్లకు చిన్నచిన్న కాలిన మచ్చలు. పాటలన్నీ చిటికెతో మొదలుపెడుతుంది కాబట్టి అందరూ ఆమెను చిటికె అనే పిలుస్తారు. కుట్టుమిషను పక్కన స్టూలు మీద ముడుచుకుని కూర్చుంది. నోటీసు అందిందనీ, దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చిందనీ చెప్పింది. వేరే ఊళ్లో ఒక బ్యాండువాళ్లు ఆమె పాట ఎత్తుకుని, డ్రమ్ములు కలిపి, తమ పేరు పెట్టుకుని ఒక కంపెనీకి ఇచ్చారు. ఇప్పుడు ఆమె పాట ఆమే నెట్‌లో పెడితే, ఇది మావాళ్లదంటూ ఆ కంపెనీ కంప్యూటరు తీసేస్తోంది. గొంతు ఇచ్చిన మనిషి తనకొక్కదానికే అనుమతి ఇచ్చినట్టు కాగితం ఉంటే వాళ్లను ఆపగలదట. కాగితం రాసుకొచ్చింది.

అనౌన్సరమ్మ కాగితం ముట్టుకోలేదు. "నన్నడిగే చేశావా పాట?" అంది.

"లేదమ్మా."

"ఎందుకడగలేదు?"

చిటికె వేళ్లు నులుముకుంది. "నాలుగేళ్లు రోజూ సాయంత్రం ఆరో ప్లాట్‌ఫారం దగ్గర నిలబడ్డానమ్మా. షాపులో ఓనరు తిట్టేవాడు. ఇంటికెళ్తే ఇంట్లోవాళ్లు తిట్టేవాళ్లు. రోజు మొత్తంలో నాతో క్షమించమన్నట్టు మాట్లాడింది మీరొక్కరే. అది ఎవరిదో ఒకరి గొంతని నాకు తట్టలేదు. స్టేషన్‌ది అనుకున్నా. అందరిదీ అనుకున్నా."

చెల్లెలు మిషను ఆపింది. "అందుకని క్షమించమన్నావిడ గొంతే కోశావా?"

అనౌన్సరమ్మ చెల్లెల్ని కళ్లతోనే వారించింది. "మరి నీ పాటా అందరికీ వినపడేదే కదమ్మా. ఆ బ్యాండువాళ్లూ అందరిదీ అనుకుని ఉంటారు."

"రెండు నెలలు కూర్చున్నానమ్మా దానిమీద. ఆ చివరి ముక్క ఎక్కడ ఆపాలో తేల్చుకోడానికే వారం పట్టింది."

"నేను తొమ్మిది రోజులు కూర్చున్నా" అందామె. గొంతులో కోపం లేదు. బస్సు వేళ చెప్పినట్టే చెప్పింది. చిటికె కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, తప్పయిపోయిందమ్మా అంది. ఎందుకో అనౌన్సరమ్మకు ఆ మాట వినగానే ఒళ్లంతా బరువెక్కింది. మంచం మీద ఒరిగింది గాని నిద్ర పట్టలేదు.

ఆమె మనసులో ఒక సంగతి ఉంది. చెల్లెలికి కూడా చెప్పలేదు. చిన్నప్పుడు వాళ్లింట్లో రేడియో లేదు. ఎదురింటివాళ్ల మెట్ల మీద కూర్చుని సాయంత్రం వార్తలు వినేది. వార్తలు చదివే ఒకావిడ గొంతంటే ఆమెకు ప్రాణం. ఆవిడ వాక్యం చివర మాటను తుంచేయకుండా మెల్లగా కిందికి దింపేది, నిద్రపోయిన పాపను మంచం మీద పడుకోబెట్టినట్టు. ఆమె ఇంటికెళ్లి గోడకు ఎదురుగా నిలబడి అలాగే అనేది. ఏళ్ల తరబడి అంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు, అచ్చం రేడియోలో వినపడినట్టుందమ్మా అని మురిసిపోయి తీసుకున్నారు.

మైకులో చేరిన పదిహేనో ఏట, కళ్లజోడు, చేతిసంచీ ఉన్న ఒక పెద్దావిడ మెట్లెక్కి అద్దాల డబ్బా దగ్గరికొచ్చింది. గొంతు విప్పగానే ఆమె గుర్తుపట్టింది. ఆ వార్తలావిడే. "అమ్మాయ్, కిందనుంచి వింటుంటే నా గొంతే విన్నట్టుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?" అని నవ్వుతూ అడిగింది.

చెప్పి ఉంటే సరిపోయేది. కాళ్లకు దండం పెట్టినా పెట్టేది. కాని పక్కన సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. ఆమెకు దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు అనిపించింది. "నా గొంతే ఇంతండీ. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు" అంది. పెద్దావిడ "అలాగా" అంది. సంచీ భుజానికి సర్దుకుని మెట్లు దిగింది. ఆవిడ బస్సు ఎక్కడుందో మైకులో చెప్పాల్సిందీ ఆమే. చెప్పింది. గొంతు వణకలేదు.

సంస్థ కాగితానికి గడువు దగ్గరపడ్డాక, ఓ ఉదయం పదకొండు గంటలకు మేనేజరు గదిలో అందరూ కూర్చున్నారు. మేనేజరు, సంస్థ తరఫు లీగల్ ఆఫీసరు, చిటికె, బావ, ఆమె. గొంతు ఆమెదే అయినా పని సంస్థదనీ, జీతమిచ్చి చేయించుకున్నదనీ మేనేజరు అన్నాడు. అయితే అప్పటి ఒప్పందం చూపించమన్నాడు బావ. లీగల్ ఆఫీసరు ఫైలు తిరగేసి ఇబ్బందిగా దగ్గాడు. పన్నెండేళ్ల కిందటి కాగితాల్లో దొరికింది తొమ్మిది రోజుల హాజరు పట్టీ ఒక్కటేనట. గెలిచేసినట్టు బావ కుర్చీలో వెనక్కి వాలాడు. పాటలో ఆమె మాట ఆరు సెకన్లేననీ, మిగతా మూడు నిమిషాలూ తన చెమటేననీ చిటికె వాదించింది. ఇంజనూ ఈలా కూడా మావేనన్నాడు మేనేజరు. ఈలకు హక్కేమిటండీ, అది కండక్టరు ఊదింది కదా అంది చిటికె. గొంతులు పెరిగాయి. అరగంట గడిచినా, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి లీగల్ ఆఫీసరే, ఇంతకీ మీరేమంటారమ్మా అన్నాడు.

ఆమె మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది. వార్తలావిడ సంగతి మొత్తం చెప్పింది, ఎదురింటి మెట్ల నుంచి "అలాగా" దాకా. ఎక్కడా ఆగకుండా, కళ్లెత్తకుండా చెప్పింది.

"ఇప్పుడు మీరందరూ ఆ చివర్న జారే ముక్క కోసమే కదా కొట్టుకుంటున్నారు? అది నాది కాదు. అరువు తెచ్చుకున్నా. అడక్కుండా తెచ్చుకున్నా. అడిగినప్పుడు కూడా అబద్ధమాడా. ఇక సంస్థదని నేనెలా రాసిస్తాను? ఈ అమ్మాయికొక్కదానికే అని ఎలా రాసిస్తాను? నాదని కోర్టుకెలా పోను? పాడుకునేవాళ్లని పాడుకోనివ్వండి. ఒకటే అడుగుతా. ఎవరి దగ్గర తెచ్చుకున్నారో చెప్పి పాడుకోమనండి. నేను చేయలేకపోయిన పని అదొక్కటే."

బావే ముందు తేరుకుని, ఇది చట్టానికి నిలబడదు మరదలా, మాటతీరుకు హక్కులుండవు, నువ్వు అనవసరంగా మన పక్షాన్ని పలచన చేసుకున్నావు అన్నాడు. దారిలో కూడా అదే అన్నాడు. తరువాత నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెల రోజులూ ఆమెకు కాస్త హాయిగానే గడిచాయి.

ఎవరూ సంతకం పెట్టలేదు. నోటీసు ఏమైందో ఎవరికీ తెలియదు. మేనేజరు బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన, సంస్థ కొన్న కొత్త బస్సుల ప్రచారానికి ఆ పాటే వాడుకుంటామని చిటికెకు ఉత్తరం రాశాడు. నిన్న దొంగ అన్నవాళ్లే ఇవాళ కళాకారిణి అంటున్నారని చిటికె వచ్చి చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలోనూ పెద్ద సంతోషం లేదు. బ్యాండువాళ్లతో ఇంకా తేలలేదు. పాట కింద మాత్రం చిటికె, గొంతు వీరిదని అనౌన్సరమ్మ పూర్తి పేరు రాసింది. దాని కింది వరసలో, ఆ గొంతుకు పలకడం నేర్పినవారు అని వార్తలావిడ పేరు కూడా రాసింది.

అది చూసి వార్తలావిడ కూతురి దగ్గర్నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. అమ్మ పోయి ఆరేళ్లయిందనీ, బస్ స్టేషన్ సంగతి ఆవిడ ఇంట్లో ఎప్పుడూ అనలేదనీ. చెల్లెలు దాన్ని చదివి వినిపించింది. అనౌన్సరమ్మ మరోసారి చదవమంది. ఇరవై ఏళ్లు తను మోసిన బరువును అవతలి మనిషి ఒక్కరోజు కూడా మోయలేదన్నమాట. తేలికపడాల్సింది. ఎందుకో పడలేదు. ఏడుపూ రాలేదు. సరే, అన్నం పెట్టుకుందాం పద అంది.

రిటైరైన రోజు కౌంటరు ముందే నాలుగు కుర్చీలు వేసి, దండ వేసి, గోడ గడియారం ఇచ్చారు. చెల్లెలు ఫోనులో వీడియో తీసింది. ఆమె రెండు ముక్కలు మాట్లాడబోతుంటే, నెత్తిమీద స్పీకరులోంచి ఆలస్యం మాట వచ్చింది. అందరూ నవ్వారు, ఆమె ఆగి, అది అయిపోయాక మాట్లాడింది. ఇంటికొచ్చి చెల్లెలు ఆ వీడియోను చుట్టాలకోసం నెట్‌లో పెడితే, మర్నాటికి దాని మాట పోయింది. ఇందులో వేరొకరి పాట భాగం ఉంది కాబట్టి శబ్దం తీసేశామని కంపెనీ నుంచి సందేశం. ఆ వేరొకరు బ్యాండువాళ్లే. చెల్లెలు మండిపడి చిటికెను పిలిచింది. అభ్యంతరం పెట్టొచ్చు, ముప్ఫై రోజులు పడుతుంది, ఏవేవో నింపాలంది చిటికె. వద్దులే అమ్మా అంది అనౌన్సరమ్మ. చుట్టాలు దండ చూశారు, గడియారం చూశారు, చాలు.

ఇప్పుడు చిటికె నెలకోసారి బట్టలు కుట్టించుకోవడానికి వస్తుంది. మీ చేత ఏదైనా చదివించి రికార్డు చేస్తానమ్మా, ఈసారి అడిగే చేస్తా అని వచ్చినప్పుడల్లా అంటుంది. చూద్దాంలే అని ఆమె తప్పించుకుంటుంది. మిషను ఆగి చెల్లెలు బజారుకెళ్లిన మధ్యాహ్నాల్లో ఆమె తలుపు దగ్గరగా వేసి, ఫోను బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి పడుకుంటుంది. మొదట్లో అలవాటు లేక గంటకోసారి ఉలిక్కిపడి లేచేది. ఇప్పుడు సాయంత్రం దాకా మెలకువ రావడం లేదు. ఎవరైనా తలుపు కొట్టినా పలకదు. ఆవిడ ఇంట్లో లేదేమో అనుకుని వాళ్లే వెళ్లిపోతారు.